తడిపి తీసిన ఫొటోలు

కరోనా సద్దుమణిగి, బెంగళూరు శివార్లలోని జిగణిలో పరిశ్రమల షెడ్లు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, వేసవి మొదట్లో, మా సంస్థ ఆనేకల్ వైపు చిన్న ఖాతాలన్నీ నాకు అప్పగించింది. మాది బొమ్మసంద్రలో ఒక మందుల దుకాణం పైన ఉండే వెబ్ సంస్థ. నా హోదా క్లయింట్ మేనేజర్. పేరు వినడానికి గంభీరంగా ఉన్నా చేసే పని తేలికగానే చెప్పవచ్చు. చిన్న వ్యాపారుల దగ్గరికి వెళ్ళి వాళ్ళకేం కావాలో కనుక్కోవడం, దాన్ని డిజైనరుకూ ప్రోగ్రామరుకూ అర్థమయ్యేలా రాసివ్వడం, వెబ్‌సైటు తయారయ్యాక ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూడటం. కంప్యూటరు పనికి విడిగా మనిషిని పెట్టుకోలేని వ్యాపారాన్ని మేం చిన్న ఖాతా అనేవాళ్ళం. స్ప్రింగులు చుట్టేవాళ్ళు, యూనిఫారాలు కుట్టేవాళ్ళు, క్రేన్లు అద్దెకిచ్చేవాళ్ళు, అట్టపెట్టెలు చేసేవాళ్ళు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా నా ఉద్యోగమంతా వీళ్ళ మధ్యే గడిచింది. పెద్ద కంపెనీల ఖాతాలు చూసే సహోద్యోగులు నన్ను చూసి కొంచెం జాలిపడేవారు. నేను పట్టించుకోలేదు.

ఒకసారి కట్టేసిన వెబ్‌సైటులో ఇంకా చూసుకోవడానికి ఏముంటుందని చాలామంది అడుగుతారు. పెళ్ళిపత్రికలాగా అచ్చువేసి పంచేస్తే అయిపోయే వస్తువని వాళ్ళ ఉద్దేశం. సైటు పేరును, అంటే డొమైనును, గడువు తీరకముందే పునరుద్ధరించుకోవాలి. మరిచిపోతే ఆ పేరు ఇంకొకరు ఎగరేసుకుపోతారు. సైటు నడిచే సాఫ్ట్‌వేరుకు భద్రత కోసం మార్పులు వస్తూంటాయి, అవి చేయాలి. వారం వారం మొత్తం సైటుకు నకలు తీసి వేరేచోట దాచాలి. వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి వ్యాపారులు కోరే మార్పులు. ఫోను నంబరు మార్చమంటారు, ఫొటో తీసేయమంటారు, కొన్నాళ్ళకు మేమెప్పుడు తీసేయమన్నాం అంటారు. అందుకని నాకొక నియమం ఉండేది. మార్పు ఏదైనా మెయిల్లో రావాలి. పెద్ద మార్పయితే ఖాతాకు అధీకృత వ్యక్తిగా పేరున్న మనిషి ఒప్పుకోవాలి. ఫోనులో చెప్పింది నేను విన్నట్టు కాదు. సాఫ్ట్‌వేరు కూడా తన వంతుగా చరిత్ర రాసుకుంటూనే ఉంటుంది. ఏ వాక్యం ఎవరు ఎప్పుడు మార్చారో, అంతకుముందు అక్కడ ఏముండేదో అన్నీ అందులో దొరుకుతాయి.

నా కొత్త ఖాతాల్లో ఒకటి జిగణిలోని గ్రానైటు యార్డు. యజమాని కృష్ణప్ప. కుప్పం పక్కనుంచి రాళ్ళు కొట్టే పనికి వచ్చి, సొంతంగా కోత మిషన్లు పెట్టుకునేదాకా ఎదిగిన మనిషి. బెంగళూరులో పాతుకుపోయి చాలా ఏళ్ళయింది గనక ఆయన తెలుగులో సగం కన్నడం కలిసేది. వెబ్‌సైటు ఆయనకు ఇష్టం లేదు. కావాలన్నది పెద్దకోడలు శైలజ. ఆమె హిందూపురంలో బీకాం చదివింది. భర్త క్వారీల్లో బండలు లోడు చేయించే పని మీద ఎప్పుడూ బయటే తిరుగుతుండేవాడు. యార్డులోని రేకుల గదిలో కూర్చుని బిల్లులు రాయడం ఈమె పనయింది.

మొదటి రోజు ఆ గదిలోనే మాట్లాడుకున్నాం. కృష్ణప్ప నన్ను ఎగాదిగా చూసి, "రాయి చూడాలంటే యార్డుకు రావాలమ్మా. ఫోన్లో చూసి రాయి కొనేవాళ్ళు యాడుండారు?" అన్నాడు. కాసేపటికి ఆయనే ఒక షరతు పెట్టి దిగివచ్చాడు. ఏడాది చూస్తాడట. ఈ సైటు వల్ల ఒక్క మంచి ఆర్డరు కూడా రాకపోతే కంప్యూటరు మూసేసి కోడలు ఇంటిపట్టున ఉండాలట. నా ముందే అన్నాడు. ఆమె నా ముందే తలూపింది.

గ్రానైటు సైటుకు ప్రాణం ఫొటోలు. ఒకే క్వారీలో తీసినా ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు కాబట్టి కొనేవాళ్ళు చదవడం కంటే చూడటమే ఎక్కువ. మా డిజైనరు ఒక పూట జిగణి వెళ్ళి శైలజకు పద్ధతి నేర్పాడు. ఎండ నేరుగా పడని చోట తీయాలి, పలకకు ఎదురుగా నిలబడాలి, కొలత తెలిసేలా పక్కన స్కేలు పెట్టాలి, ఫోనులోని ఫిల్టర్లు ముట్టుకోకూడదు. ఆ రోజుల్లో చాలా గ్రానైటు సైట్లలో రంగులు దిద్దేసి బూడిదరంగు రాయిని కాటుకలా చూపించేవారు. శైలజ ఆ పని చేయలేదు. ఓపిగ్గా యార్డంతా తిరిగి ఒక్కొక్కటే తీసి పంపింది. ప్రతి ఫొటో కింద, రంగులో ఎలాంటి మార్పూ చేయలేదన్న వాక్యం వేయమని ఆమే మెయిలు పెట్టింది. వేశాం. ఆ వాక్యం నాకూ నచ్చింది.

సైటును జనానికి తెరిచే రోజుకు కృష్ణప్ప ముహూర్తం పెట్టించాడు. ఇది మా వృత్తిలో మామూలే. డొమైనును కొత్త సర్వరుకు తిప్పితే ఆ సంగతి ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, అది రాహుకాలం చూసుకుని చేరదు. ముందురోజే తిప్పి ఉంచుతాం, కొబ్బరికాయ మాత్రం మీరు ముహూర్తానికే కొట్టండి అని చెప్పాను. ఆయన కంప్యూటరుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తెర వైపు చూడకుండానే కోత మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు సమాధుల రాళ్ళకూ వంటింటి గట్లకూ మాత్రమే ఎంక్వైరీలు వచ్చాయి. ఏడాది నిండవస్తుండగా సర్జాపుర రోడ్డులో కడుతున్న ఒక అపార్టుమెంటు సముదాయం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ముందుభాగంలోని విశాలమైన వాకిలికీ, భవనాల మధ్య నడకదారులకూ రాయి కావాలి. వాళ్ళ ఆర్కిటెక్టు మా సైటులోనే చూసి ఒక నల్లరాయిని ఎంచుకుంది, ఫ్లేమ్డ్ ఫినిష్‌లో. అంటే పలక మీద మంట పట్టించి పైపొరను గరుకు చేస్తారు, వానలో కాలు జారకుండా. యార్డు నుంచి శాంపిల్ ముక్క కూడా పంపారు. అది బిల్డరు కార్యాలయంలో కొనుగోళ్ళు చూసే మేనేజరు రమేష్ సొరుగు దాటి ముందుకు పోలేదని తర్వాత తెలిసింది. శైలజ నాకు ఫోను చేసి, "మేడమ్, ఆర్డర్ కన్ఫర్మ్ అయింది. మామ ఈరోజు నాకు కూడా కాఫీ తెప్పించినాడు, నా టేబుల్ దగ్గరకే," అని చెప్పింది. ఆమె సంతోషం నాకూ అంటుకుంది.

మొదటి లారీలు సర్జాపుర చేరిన రోజే గొడవ మొదలైంది. ఆర్కిటెక్టు పలకను చూసి ఇది నేను ఎంచుకున్న రాయి కాదంది. ఫొటోలో ఉన్నది కారునలుపు, లారీలో ఉన్నది బూడిదరంగు. దింపడం ఆపించింది. ఆ కొలతలకు కోసిన రాయి ఇంకోచోట అతకదు, వెనక్కి వస్తే యార్డులో పడి ఉండవలసిందే. శైలజ కంగారుగా ఫోను చేసి ఆ ఫొటో వెంటనే తీసేయమంది. మెయిలు పెట్టమన్నాను. పెట్టలేదు.

మర్నాడు కృష్ణప్ప స్వయంగా బొమ్మసంద్ర వచ్చాడు. మా ఆఫీసు మెట్లెక్కడం ఆయనకదే మొదలు. ఫోను తెరను బట్టి రంగు కొద్దిగా మారవచ్చు అన్న వాక్యం ఫొటోల కింద చేర్చాలని, అది మొదటినుంచీ ఉన్నట్టు కనిపించాలని అడిగాడు. ఎవరో చెప్పి పంపారని తెలుస్తూనే ఉంది. చేర్చడం చిటికెలో పని. మొదటినుంచీ ఉన్నట్టు చూపించడం మాత్రం కుదరదని, సైటు చరిత్రలో తేదీతో సహా పడుతుందని చెప్పాను. కుదిరినా చేయనని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అట్లయితే దారి ఏముండాదో నువ్వే చెప్పమ్మా," అన్నాడు.

దారి చెప్పాలంటే ముందు సంగతి తెలియాలి. ఫొటోను దిద్దకపోతే రాయి అంత నల్లగా ఎలా పడిందని అడిగాను. ఆయన నావైపు వింతగా చూశాడు. "నీళ్ళు పోసినాము గదమ్మా. నీళ్ళు పోయకుండా రాయి ఎవురన్నా చూపిస్తారా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. నునుపు చేసిన పలక తడిసినా పొడిగా ఉన్నా ఇంచుమించు ఒకటే. గరుకు రాయి అలా కాదు. పొడిగా ఉంటే వెలవెలబోతుంది, తడిస్తే లోపలి రంగు బయటికి వస్తుంది. అందుకని యార్డులో ఎవరు రాయి చూడ్డానికి వచ్చినా, ఎవరూ చెప్పకుండానే ఒక పనివాడు నీళ్ళ పైపు పట్టుకొస్తాడు, ఇంటికి వచ్చినవాళ్ళకు కుర్చీ తుడిచి వేసినట్టు. చూడ్డానికి వచ్చిన మనిషి అక్కడే ఉంటాడు. బేరం నడుస్తుండగానే ఎండకు రాయి ఆరిపోతుంది, రెండు రంగులూ కళ్ళారా చూస్తాడు. అందులో మోసం లేదు. శైలజ ఫోను పట్టుకుని నిలబడినప్పుడు కూడా పనివాళ్ళు అలవాటుకొద్దీ పైపు తెచ్చారు. ఆమె కూడా అలవాటుకొద్దీ వాళ్ళు తడిపేదాకా ఆగి ఫొటో తీసింది. ఆ ఫొటో ఇక ఆరేది కాదు. దాని కింద, రంగులో ఎలాంటి మార్పూ చేయలేదని ఆమే రాయించింది.

నాకు మొదట నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది. వీళ్ళు అబద్ధమాడారంటే ఎవరైనా నమ్మేస్తారు, ఆడలేదని నమ్మించడమే కష్టం. నీళ్ళ సంగతి ఆర్కిటెక్టుకు మీరే చెప్పండి అన్నాను. ఈ వ్యాపారంలో అది అందరికీ తెలిసిందే గదా అన్నాడాయన. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసేవాళ్ళకు తెలియదు అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారమే బిల్డరు కార్యాలయం మా సంస్థను లిఖితపూర్వకంగా అడిగింది. ఫొటో ఎప్పుడు పెట్టారు, దాన్ని దిద్దారా, పెట్టిన తర్వాత మార్చారా. ఇలాంటి జవాబులు రాయడానికి ఒక పద్ధతి ఉంది. సైటులో నమోదైనది మాత్రమే రాయాలి. ఊహ రాయకూడదు, ఎవరి తరఫునా వాదించకూడదు. శైలజ పంపిన అసలు ఫైలును సైటులో ఉన్నదానితోనూ, మేం దాచిన నకళ్ళతోనూ పోల్చి చూశాం. దిద్దలేదు, మార్చలేదు. అంతవరకే రాశాను.

అది పంపకముందే రమేష్ ఫోను చేశాడు. ఆయనది విజయవాడ వైపు, మాట చాలా మర్యాదగా ఉంటుంది. "మేడమ్ గారూ, ఎడిటింగులో చిన్న పొరపాటు జరిగిందని ఒక్క లైను వేసేయండి. వాళ్ళ ఆఫీసులో కూర్చునే అమ్మాయి తెలియక చేసిందంటే సరిపోతుందండి. ఆర్కిటెక్టును నేను ఒప్పిస్తాను, రాయి మొత్తం తీసేసుకుంటాం," అన్నాడు. తన దగ్గర ఆగిపోయిన శాంపిల్ గురించి ఎవరూ అడగకూడదన్నది ఆయన ఆరాటం. జరగని పొరపాటు రాయలేనన్నాను. పోనీలెండి, ఆ మాట కృష్ణప్ప గారు అన్నా చాలు, ఆయనతో మాట్లాడాను అని పెట్టేశాడు.

దాంతో సంగతి తేటపడింది. కృష్ణప్ప ఒక్క మాట అంటే రాయి మొత్తం సర్జాపురలోనే నిలుస్తుంది. ఆ మాట కోడలి నెత్తిన పడుతుంది, ఆమె ఇక ఆ రేకుల గదిలో కూర్చోదు. అనకపోతే ఆయనకు పోయేది ఒక ఆర్డరు, అంటే ఆమెకు పోయేది కుర్చీ.

నిర్మాణం జరిగేచోటనే మీటింగు పెట్టారు. వెబ్‌సైటు వివరాలు చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. శైలజ కూడా వచ్చింది. మామాకోడళ్ళు ఒకే బండిలో వచ్చినా మాటల్లేవని దిగినప్పుడే అర్థమైంది. గేటు లోపల కొన్ని పలకలు పరిచి ఉన్నాయి. ఆర్కిటెక్టు చిన్న వయసు మనిషి, కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ సూటిగా మాట్లాడింది. ట్యాబ్‌లో మా సైటు తెరిచి పలక పక్కన పెట్టి, రెండింటికీ పొంతన ఉందా అని అడిగింది. నేను నమోదైన వివరాలు చెప్పాను. ఫొటోను దిద్దలేదంటే మరి వేరే రాయి పంపారా అంది. రమేష్ వెంటనే అందుకుని, ఫొటోల విషయంలో వీళ్ళ ఆఫీసులో ఏదో పొరపాటు జరిగినట్టుందని, కృష్ణప్ప గారే వివరంగా చెబుతారని అన్నాడు. శైలజ నేలచూపులు చూస్తూ నిలబడింది.

కృష్ణప్ప వంగి ఒక పలకను అరచేత్తో తడిమాడు. ఒప్పేసుకుంటాడనే అనుకున్నాను. ఆయన స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి అక్కడున్న పనివాడిని పిలిచి బకెట్టుతో నీళ్ళు తెమ్మన్నాడు. ఒక పలక మీద సగందాకా పోశాడు. ఆ సగం ఫొటోలో ఉన్నట్టే నల్లబడింది.

"నువ్వు చూసిన రాయి ఇదేనమ్మా. వేరేది పంపలేదు. మా యార్డులో నీళ్ళు పోసి చూపించేది వాడిక, ఫొటో తీసేటప్పుడూ అట్లనే పోసినారు. సుమ్నే, ఊరికే, ఎవురో పిల్ల తప్పు చేసిందని నేను చెప్తే ఈ రాయంతా తీసుకుంటారంట. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. అలవాటు చేసింది నేను. నేను నేర్పిందే వాళ్ళు చేసినారు," అన్నాడు. ఇదే మాట మళ్ళీ కన్నడంలో చెప్పాడు, శైలజ వైపు మాత్రం చూడలేదు.

ఎండకు పలక ఆరి బూడిదరంగుకు తిరిగేదాకా అందరం అక్కడే నిలబడ్డాం. అప్పుడు ఆర్కిటెక్టు శాంపిల్ ముక్క ఏమైందని అడిగింది. అది తన సొరుగులోనే ఉండిపోయిందని రమేష్ గొణిగాడు. ఆయనను ఆమె అక్కడ ఏమీ అనలేదు. తడిసినప్పటి రంగు నిలిచేలా పూత ఏమైనా ఉందా అని కృష్ణప్పను అడిగింది. ఉందని, బయట ఎండకూ వానకూ ఎక్కువకాలం ఆగదని, అది పూసి ఇస్తే తర్వాత మీరే నన్ను తిడతారని ఆయన చెప్పాడు. నడకదారులకు ఈ రాయి ఉంచుకుంటానని, ముందు వాకిలికి మాత్రం కుదరదని ఆమె తేల్చేసింది. వాకిలి రాయి జిగణికి తిరిగి వెళ్ళింది. ఆ బిల్డరు నుంచి కృష్ణప్పకు మరో ఆర్డరు రాలేదు.

ఎంక్వైరీలు ఎవరూ తెరవకుండా పేరుకుపోతుంటే ఖాతాదారుకు తెలియజేయడం మా విధి. ఆ తర్వాతి వారాల్లో యార్డు మెయిల్‌బాక్సు తెరిచిన జాడ లేదు. తెలియజేశాను, జవాబు రాలేదు. ఫోను చేస్తే ఎవరో పనివాడు ఎత్తి, అక్క రావడం లేదన్నాడు. అనుకున్నంతా అయింది అనుకున్నాను. అంతమందిలో మామ వెనకేసుకొచ్చినా ఆమెకు కుర్చీ దక్కలేదని నాకు చాలా బాధ కలిగింది.

వానలు పట్టుకున్నాక శైలజ నుంచి మెయిలు వచ్చింది. సైటులో ఉన్న రాళ్ళ ఫొటోలన్నీ తీసేయాలి. జతచేసినవి పెట్టాలి. ప్రతి రాయికీ రెండు ఫొటోలు, ముందు పొడిది, తర్వాత తడిది, ఏది ఏదో కింద స్పష్టంగా రాయాలి. ఫొటోలన్నీ ఒక్కసారిగా తీసేయడం పెద్ద మార్పు కిందికి వస్తుంది, దానికి అధీకృత వ్యక్తి ఒప్పుకోవాలి. మా దగ్గర ఆ వ్యక్తిగా ఉన్న పేరు కృష్ణప్పది. ఆయనకు ఫోను చేశాను.

"ముఖం చెల్లక ఇన్నాళ్ళూ ఇంట్లోనే కూర్చునుండాది. నేనే పోయి పిలుచుకొస్తిని," అన్నాడు. మరి ఫొటోలు తీసేయమంటారా అని అడిగితే, "నన్నెందుకు అడగతావమ్మా? ఆ బిడ్డ పేరే రాసుకో. ఇప్పుడు మావాళ్ళు నీళ్ళ పైపు ఎత్తాలన్నా ఆయమ్మనే అడగాల," అన్నాడు. పేరు మార్చడానికి కూడా మెయిలు కావాలని చెప్పాను. విసుక్కుంటూనే సరేనన్నాడు. ఆ మెయిలు టైపు చేసింది శైలజేనని చదవగానే తెలిసిపోయింది, అయినా నియమం నియమమే.

పొడి ఫొటోలు పెట్టాక ఆ సైటుకు వచ్చే ఎంక్వైరీలు తగ్గాయి. పొడి రాయి కంటికి ఆనదు, పక్క యార్డుల సైట్లలో రాళ్ళు నల్లగా నిగనిగలాడుతూనే ఉన్నాయి. నేను రిటైరయ్యేదాకా మాత్రం రంగు తేడా అని ఆ యార్డుకు రాయి తిప్పి పంపినవాళ్ళు లేరు. మొత్తం మీద అది లాభమో నష్టమో నేను చెప్పలేను. నేను నేర్చుకున్నది వేరు. అంగట్లో సరుకు పక్కన ఒక మనిషి నిలబడి మాట్లాడుతుంటాడు. వెబ్‌సైటులోకి సరుకు వస్తుంది గానీ ఆ మాట రాదు. అందుకని ఆ తర్వాత ప్రతి కొత్త ఖాతాదారునూ, డిజైను గురించి మాట్లాడేముందే, ఒక ప్రశ్న అడిగేదాన్ని. కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే మీ సరుకును ఏం చేస్తారు? బోల్టులవాళ్ళు నూనె రాస్తామన్నారు. చీరలాయన వేరే దీపాలు వేస్తానన్నాడు. పాత కార్లు అమ్మేవాడు టైర్లకు నల్లరంగు పూస్తానన్నాడు. ఏమీ చేయం అని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.